పాత వాద్యమునకు క్రొత్త స్ప్రింగు

అమెరికా దేశమున నాష్‌విల్ నగరమందు 1950ల నడిమి కాలమునుండి కట్టబడిన షో-బడ్ పెడల్ స్టీల్ గిటార్లలో పెక్కు నేటికిని కచేరీలలో మ్రోగుచునే యున్నవి. వానిని కట్టిన సంస్థ మాత్రము 1980లలోనే కనుమరుగైనది. మేపిల్ కొయ్య పగులలేదు, తంత్రుల కంపనమును పట్టు పికప్పులోని అయస్కాంతము చావలేదు, కాలి పెడళ్ళు వంగలేదు. అయినను వీనిలో కొన్ని పెట్టెలలో మూలబడి యున్నవి. హేతువేమని యారసితిమేని, చిటికెనవ్రేలి పొడవైనను లేని యొక ఉక్కుతీగ చుట్ట, అనగా స్ప్రింగు, సత్తువ యుడిగినది. దానికి సరియైన జోడు మామూలు అంగడిలో దొరకుట లేదు. వేల డాలర్ల వెలగల వాద్యము కాసంత యినుపతీగకై పనికిరాకుండ పడియుండుటలో తప్పెవరిదని నేను చర్చింపబూనితిని.

ముందుగా ఈ వాద్యమెట్టిదో చెప్పవలసి యున్నది. గిటారును ఒడిలోనో బల్లపైననో వెల్లకిల పరుండబెట్టి, ఎడమచేత నున్నని లోహపు కడ్డీని తంత్రులపై జరపుచు వాయించు పద్ధతి హవాయి దీవులలో పందొమ్మిదవ శతాబ్దము చివర పుట్టినది. జోసెఫ్ కెకుకు అను నాతడు దానికి ఆద్యుడని చెప్పుదురు. మనకిది పూర్తిగా పరాయి విద్య కాదు. మెట్లులేని దండిపై కొయ్యముక్కను జరపి పలికించు గోటువాద్యము దక్షిణదేశమున నున్నదే. హవాయి దేశీయుడైన టావ్ మో 1940లలో కలకత్తాలో నివసించి ఈ గిటారును మనవారికి నేర్పెను. పిమ్మట బ్రిజ్ భూషణ్ కాబ్రా దానిపై రాగాలాపన చేసి చూపెను. విశ్వమోహన్ భట్ తన మోహన వీణతో 1994లో గ్రామీ పురస్కారమును గైకొనెను. వీరిలో నెవ్వరికిని పెడలు అవసరము కాలేదు. ఏలనన, మన సంగీతమునకు ఒక్క తంత్రి, దానిపై జారు కడ్డీ, గమకము నెరిగిన చేయి, ఈ మూడును చాలును. పాశ్చాత్యుల పాటకో, పెక్కు స్వరము లొక్కుమ్మడిగ మ్రోగవలెను. కడ్డీ తిన్ననిది, అది జరిగినప్పుడు తంత్రులన్నియు నొకే దూరము జరుగును గాని, ఒక తంత్రి నిలిచి మరియొకటి కదలుట దుష్కరము. ఈ చిక్కును విడదీయుటకే కాలిక్రింద పెడలును, మోకాలిప్రక్కన మీటను కల్పించిరి.

మన స్వరసంజ్ఞలలో చెప్పినచో దీని చమత్కారము తెలుగు పాఠకునకు తేటపడును. నేడు విశేషముగా వాడుకలో నున్న ఈ-నైన్త్ అను శ్రుతిక్రమమున, ఈ-స్వరమును షడ్జముగా నెంచితిమేని, మూడవ తంత్రి అంతర గాంధారము, అయిదవ తంత్రి పంచమము. ఒక పెడలును త్రొక్కగానే పంచమము చతుశ్శ్రుతి ధైవతమునకు లేచును. దాని ప్రక్క పెడలును త్రొక్కగా గాంధారము శుద్ధ మధ్యమమునకు లేచును. షడ్జపు తంత్రి చలింపదు. అనగా స-గ-ప అని మ్రోగుచున్న మేళనము, చేయి కదలకుండగనే, నాదము తెగకుండగనే, స-మ-ద గా మారిపోవును. 1954లో ప్రఖ్యాతిగాంచిన వెబ్ పియర్స్ అను గాయకుని పాటలో వాదకుడు బడ్ ఐజక్స్ ఇట్లు నాదము సాగుచుండగనే పెడలును త్రొక్కి స్వరమును లేపుట శ్రోతలను విస్మయపరచినది. అంతకు మునుపటివారికి పెడలున్నను, ఒక శ్రుతిక్రమమునుండి మరియొకదానికి మారుటకే దానిని ముఖ్యముగ వాడుచుండిరి. ఆ పాట వెలువడిన పిదప నాష్‌విల్ వాదకులనేకులు తమ వాద్యములకు పెడళ్ళు బిగింపించుకొనుటకు పరుగులిడిరి. షాట్ జాక్సన్, బడ్డీ ఎమ్మన్స్ అను నిరువురు షో-బడ్ సంస్థను నెలకొల్పినది ఆ యుత్సాహములోనే. ఎమ్మన్స్ కొలది యేండ్లకు వేరుపడి, తన పేర మరియొక సంస్థను ప్రారంభించెను.

ఇక స్ప్రింగు చేయు పని యేమి? వాద్యమును బోర్లించి చూచినచో, సన్నని ఉక్కుకడ్డీలు బారులుగా కుడిచివరనున్న ఛేంజరు అను భాగమునకు పోవుచుండును. అచ్చట ప్రతి తంత్రికి నొక లోహపు వ్రేలు, ఆ వ్రేలికి కొక్కెముతో తగిలింపబడిన యొక స్ప్రింగు కనబడును. పది తంత్రుల వాద్యమున పది, రెండు మెడల వాద్యమున నిరువది. పెడలు త్రొక్కి స్వరమును లేపునప్పుడు తంత్రి బిగియును. పాదము తీయగానే తంత్రి తన బిగువుచేతనే వ్రేలిని యథాస్థానమునకు లాగికొనును, అచ్చట స్ప్రింగు సాయము ముఖ్యము కాదు. కాని స్వరమును దించునప్పటి కథ వేరు. మోకాలిమీటను నెట్టి నాలుగవ, ఎనిమిదవ తంత్రులలోని షడ్జమును కాకలి నిషాదమునకు దించితిమనుకొనుడు. ఇప్పుడు తంత్రి సడలినది; మరల షడ్జమునకు రావలెనన్నచో ఆ తంత్రి బిగువును గెలిచి వ్రేలిని వెనుకకు లాగువాడొకడుండవలెను. అతడే స్ప్రింగు. అతడు నీరసించెనా, మీట వదలినను షడ్జము తన చోటికి పూర్తిగా రాక, వెంట్రుకవాసి క్రింద నిలిచిపోవును. అంతేగాక, పెడలుతో స్వరమును లేపు వేళ, హెచ్చిన తంత్రి బిగువునకు తాళలేక ఆ వ్రేలు తన యానికనుండి కదలి, లేచిన స్వరమును గూడ చెడగొట్టును. శ్రోతకు వాదకుని చెవి మంచిది కాదనిపించును. పాపము, నేరము వానిది కాదు.

స్ప్రింగు మరీ బలమైనను కష్టమే. మీట బరువెక్కి మోకాలు నొచ్చును, కదలిక మందగించును, సున్నితమైన జారుడు మొరటుబారును. కావున ఇచ్చట కావలసినది బలము కాదు, కొలత.

ఈ కొలత విషయముననే పలువురు పొరబడుచున్నారు. ఇనుపసామానుల దుకాణమునకు పోయి, కంటికి సరితూగిన స్ప్రింగును తెచ్చి తగిలింతురు. కన్ను ఈ పనికి పనికిరాదు. స్ప్రింగు బిరుసు తీగ మందము యొక్క చతుర్ఘాతమును బట్టి హెచ్చును. చుట్ట వ్యాసము యొక్క ఘనమును బట్టియు, చుట్ల సంఖ్యను బట్టియు తగ్గును. మిల్లీమీటరులో పదింట ఎనిమిది వంతుల మందముగల తీగకు బదులు, దానికంటె మిల్లీమీటరులో ఇరువదవ వంతు మాత్రమే మందమైన తీగను వాడితిమేని, బిరుసు నూటికి ఇరువదియేడు వంతులు పెరుగును. ఆ యిరువదవ వంతును పట్టగల కన్ను ఎవనికి గలదు? తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ తీగతో అదే కొలతకు చుట్టించినచో, ఆ లోహపు స్వభావముచేతనే స్ప్రింగు ఎనిమిదింట నొక వంతు మెత్తనగును. పొడవు హెచ్చయినదని రెండు చుట్లు కత్తిరించినవాడు అది బిరుసెక్కినదని వాపోవును. చుట్లు తగ్గినచో బిరుసు పెరుగక మానునా? సడలిన పాత స్ప్రింగును లాగి సాగదీయువారును గలరు. ఒకదానినొకటి అదుముకొని యుండు చుట్లలో చుట్టువాడు బిగించి దాచిన తొలి బిగువు ఒకటుండును. సాగదీసినచో అదియు హరించును.

మైక్రోమీటరుతో తీగ మందమును, వెర్నియరుతో చుట్ట వెలుపలి వ్యాసమును కొలిచి, చుట్లు లెక్కించి, కొక్కెముల మధ్య పొడవును, కొక్కెము తెరచియుండు దిక్కును గుర్తించి, చిన్న త్రాసునకు వ్రేలాడదీసి ఎంత బరువునకు ఎంత సాగుచున్నదో వ్రాసికొన్నచో, స్ప్రింగులు చుట్టు ఏ కర్మాగారమైనను పియానోతీగతో దానికి జోడును చేసియీయగలదు. చిక్కెక్కడ ననగా, కర్మాగారమువాడు ఇరువది స్ప్రింగులకై తన యంత్రమును సరిదిద్దుకొనుటకు ఇచ్చగింపడు; ఇచ్చగించినను, ఇరువదింటికిని రెండువందలకును వెల యించుమించు ఒకటే చెప్పును. పదిమంది వాదకులు కలిసి ఒక్కమారు చేయించుకొన్నచో ఆ బరువు తేలికయగును. ఇది తెలిసియు ఒంటరిగ వెదకుచు ఏండ్లు గడుపువారిని చూచినప్పుడు జాలికంటె విసుగే ముందు కలుగును.

విసుగు పుట్టించు సంగతి మరియొకటి కలదు. పురాతన వాద్యములను సేకరించువారిలో కొందరు, ఆనాటి స్ప్రింగే యుండవలెను, క్రొత్తది తగిలించినచో వాద్యము విలువ చెడునని పట్టుబట్టుదురు. ఈ వాదము నాకు సమ్మతము కాదు. తంత్రి తెగినచో క్రొత్త తంత్రి కట్టుకొనుటలేదా? స్ప్రింగును అట్టిదే, లక్షలమారులు సాగి ముడుచుకొని అలసిపోవుటకే అది పుట్టినది. కొయ్య, చెక్కడము, ఛేంజరు, పికప్పు, వీనిని కాపాడుడు. స్ప్రింగు ప్రాచీనతకు మ్రొక్కకుడు. స్వరము నిలుపలేని అసలు స్ప్రింగు కంటె స్వరము నిలుపు నకలు స్ప్రింగే ఆ వాద్యమును కట్టినవారి యుద్దేశమునకు చేరువయైనది.

అయినను పెద్ద బాధ్యత నిర్మాతలదే. వస్తువును అమ్మినన్నాళ్ళు అరిగిపోవు భాగములను అమ్ముదురు; సంస్థ మూతపడినచో కొలతలు వ్రాసిన కాగితములు గూడ చెత్తలో కలిసిపోవును. ఈ యన్యాయము మన యింటను లేకపోలేదు. పద్యనాటకములకు ప్రాణమైన హార్మోనియమును చూడుడు: మెట్టు స్ప్రింగు సడలినచో గాలిరంధ్రపు మూత సరిగా పడక, ఆ స్వరము ఎవరును నొక్కకున్నను మ్రోగుచునే యుండును, దానిని బాగుచేయువాడు అనుభవముచే తీగను వంచి సరిపెట్టుచున్నాడే గాని, కొలత వ్రాసిపెట్టిన పుస్తకము వాని చేతిలో నుండదు. మన కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022లో మరమ్మత్తు హక్కునకై సంఘమును నియమించి, వ్యవసాయ పనిముట్లు, చరవాణులు, గృహోపకరణములు, వాహనములు అను నాలుగు రంగములను పేర్కొన్నది. అదే యేడు న్యూయార్కు రాష్ట్రము ఎలక్ట్రానిక్ వస్తువులకు అట్టి శాసనమును చేసినది. రెండు చోట్లను ఇట్టి వాద్యములకు స్థానము లేదు. వాద్యముల సంఖ్య స్వల్పమని యుపేక్షించిరి కాబోలు. స్వల్పమగుటచేతనే వానికి రక్షణ యధికముగ కావలెను, ఏలనన కోట్లమంది వాడు ఫోనునకు విడిభాగములు చేయువాడు ఎవడో యొకడు పుట్టుకవచ్చును, కొన్నివేల గిటార్లకై ఎవడును పుట్టడు.

నేను కోరునది మిక్కిలి యల్పము. వాద్యమును గాని యంత్రమును గాని చేయు సంస్థ, దానిలో అరుగునట్టి ప్రతి భాగమునకు తీగ మందము, వ్యాసము, చుట్లు, లోహము, బిగువు, ఇవి వ్రాసిన యొక్క పుటను కొనువాని చేతికీయవలెను. అట్లు చేయవలెనని శాసనము నిర్బంధింపవలెను. దీనిలో వ్యాపార రహస్యమేదియు లేదు. శాసనము వచ్చులోపల, చక్కగా పలుకుచున్న పాత స్టీల్ గిటారు గాని హార్మోనియము గాని యింట నున్నవారు, స్ప్రింగు చెడువరకు వేచియుండక, బాగున్న దానిని ఇప్పుడే విప్పి కొలిచి, ఆ యంకెలను తోడి వాదకులకును బాగుచేయువారికిని తెలియజేయుదురుగాక. చెడిన స్ప్రింగును కొలిచినచో దొరకునది చెడిన కొలతయే.