చంపగలిగి కూడా విడిచిపెట్టడం



ఈ వారం మేము కంప్యూటర్ ఆటల గురించి రాస్తున్నాము. పెద్దవాళ్లు "అయ్యగారికి ఇదేం పని" అనుకోవద్దు. యౌవనస్థుల కూటములలో మాకు మళ్లీ మళ్లీ ఎదురవుతున్న ప్రశ్న ఇది: "ఆటలో ఒకణ్ణి చంపితే పాపమా అయ్యగారూ?" ఊళ్లో ఉన్న పిల్లలు ఫోన్లో ఆడతారు. పట్నం హాస్టళ్లలో ఉన్నవాళ్లు ల్యాప్‌టాపుల్లో రాత్రంతా ఆడే పెద్ద ఆటలున్నాయి. తల్లిదండ్రులేమో "అంతా సైతాను పని, మానెయ్" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. పిల్లలేమో "ఉత్త ఆటే కదా" అని ఒక్క మాటలో తప్పించుకుంటారు. రెండు మాటలూ ఆలోచించే పని లేకుండా చేసేవే.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. తెర మీది బొమ్మకు ప్రాణం లేదు. దాన్ని కొడితే దానికి నొప్పి లేదు. కానీ మీట నొక్కే మనిషికి ప్రాణం ఉంది, మనసు ఉంది, అలవాట్లు ఉన్నాయి. ఈ ఆటల్లో కొన్ని ఆ మనిషిని ఒక మంచి ప్రశ్న అడుగుతున్నాయి. ఎదుటివాడు నీ చేతికి చిక్కాడు. చంపితే నీకు లాభం, వదిలితే ఏమీ రాదు. అప్పుడు వదులుతావా? లాభం చూసుకుని వదిలితే అది కనికరం కాదు, బేరం. మనం పిల్లలతో మాట్లాడవలసింది ఈ సంగతి గురించే.

ఈ ఆటల పుట్టుక కొంచెం తెలుసుకుందాము. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆటను తెచ్చారు. అది కంప్యూటర్ ఆట కాదు. బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు వీరుడుగా, ఒకరు మాంత్రికుడుగా పాత్ర కట్టి, పాచికలు వేసి ఆడేది. రాక్షసుల్ని ఓడించినా, నిధులు తెచ్చినా "అనుభవ పాయింట్లు" వస్తాయి. పాయింట్లు పెరిగితే మన పాత్రకు బలం పెరుగుతుంది. తరువాత వచ్చిన కంప్యూటర్ ఆటలు చాలావరకు ఈ లెక్కనే తీసుకున్నాయి. అంటే ఆ ఆటల్లో ఎదగాలంటే కొట్టాలి. విడిచిపెట్టినవాడి వల్ల పాయింటు రాదు. ఆటగాడు దుర్మార్గుడై చంపడు, లెక్క అలా ఉంది కాబట్టి చంపుతాడు. లోకంలో జరిగే చాలా క్రూరత్వం కూడా ఇలాంటిదే కదా! మనిషి మీద పగ ఉండక్కర్లేదు, లెక్క కుదిరితే చాలు.

ఈ లెక్క సరికాదని ఆటలు తయారుచేసేవాళ్లలోనే కొందరికి అనిపించింది. 1985లో రిచర్డ్ గారియట్ "అల్టిమా 4" అనే ఆట చేశాడు. అందులో చివర చంపవలసిన మహా రాక్షసుడు లేడు. నిజాయితీ, కనికరం, న్యాయం, త్యాగం, వినయం వంటి ఎనిమిది సద్గుణాలలో ఎదగడమే గెలుపు. వనమూలికలు అమ్మే గుడ్డి వ్యాపారి దగ్గర ఆటగాడు తక్కువ డబ్బులు పెట్టి వెళ్లిపోవచ్చు. ఆ క్షణాన ఎవరూ పట్టుకోరు, గంట మోగదు. కానీ ఆట గుర్తుపెట్టుకుంటుంది. చెడ్డది కాని జంతువు పారిపోతుంటే వెంటపడి చంపినా గుర్తుపెట్టుకుంటుంది. చాలా దూరం వెళ్లాక గానీ తాను పోగొట్టుకున్నదేమిటో ఆటగాడికి తెలియదు.

2015లో టోబీ ఫాక్స్ అనే యువకుడు చేసిన "అండర్‌టేల్" ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక పిల్ల భూమి కింద రాక్షసులుండే లోకంలో పడిపోతుంది. ఎవరు ఎదురుపడినా తెర మీద నాలుగు మీటలు కనబడతాయి. పోరాడు, ఏదైనా చెయ్యి, సామాను వాడు, కనికరించు. ఒక్క ప్రాణిని కూడా చంపకుండా ఆట పూర్తి చేయవచ్చు. అయితే కనికరం మీట ఊరికే నొక్కితే చాలాసార్లు పని జరగదు. ఎదుటిది ఎందుకు అలా ఉందో ముందు గమనించాలి. ఏడుస్తూ కూర్చున్న దయ్యానికి ధైర్యం చెప్పాలి. కాపలా కుక్కను నిమరాలి. కొట్టడానికి ఎదుటివాడి బలహీనత తెలిస్తే చాలు. విడిచిపెట్టాలంటే ఎదుటివాడే తెలియాలి.

దానికి వెల కూడా ఉంది. ఎవరినీ చంపని ఆటగాడి ప్రాణబలం మొదట్లో 20, ఆట చివర కూడా 20. అందరినీ చంపుకుంటూ పోయినవాడికి అది 99 దాకా పెరుగుతుంది. కనికరించినవాడు బలహీనంగానే చివరిదాకా నడవాలి. టోరియల్ అనే తల్లిలాంటి రాక్షసి మొదట్లోనే దారికి అడ్డం నిలబడుతుంది. బయట ఆ పిల్లను చంపేస్తారని ఆమె భయం. అందుకే పోనివ్వదు, నిప్పులు విసురుతుంది. ఆటగాడు కనికరం మీట మళ్లీ మళ్లీ నొక్కుతూ, దెబ్బలు తింటూ నిలబడాలి. పిల్ల ప్రాణం అడుగంటినప్పుడు ఆ నిప్పులు పక్కకు తప్పుకుని పోతాయి. ఆమెకు చంపే ఉద్దేశం లేదని అప్పుడు అర్థమవుతుంది. తొందరపడి కొట్టినవాడికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఆట చివరిలో సాన్స్ అనే పాత్ర లెక్క విప్పి చెబుతుంది. మనం "అనుభవం" అనుకున్న పాయింట్లు అనుభవం కాదు, ఎంతమందిని హతమార్చామో ఆ లెక్క. మనం "స్థాయి" అనుకున్నది మన ఎదుగుదల కాదు, మన హింస ఎంత పెరిగిందో చూపే కొలత. చంపేకొద్దీ చంపడం సులువవుతుందని, తన మీద తాను దూరం పెంచుకున్నవాడికి ఎదుటివాడి నొప్పి అందదని ఆ పాత్ర మాటల భావం. ఈ సంగతి ప్రసంగ వేదిక మీద నుంచి మేము ఎన్నిసార్లు చెప్పినా అంత బాగా చెప్పలేకపోవచ్చు.

"ఏమవుతుందో చూద్దామని చంపాను అయ్యగారూ" అనే పిల్లలకు కూడా ఆ ఆటలో జవాబుంది. ఫ్లవీ అనే పువ్వు కాలాన్ని వెనక్కి తిప్పగలిగిన రోజుల్లో మొదట అందరికీ సాయం చేసింది. అందరితో స్నేహం చేసింది. ఎవరు ఏ మాటకు ఏమంటారో తెలిసిపోయాక విసుగు పుట్టింది. అప్పుడు, ఏమవుతుందో చూద్దామని, చంపడం మొదలుపెట్టింది. ద్వేషం నుంచి కాదు, విసుగు నుంచి, కుతూహలం నుంచి. మనుషుల్ని "చూసేశాను, తెలిసిపోయింది" అనుకోవడం ఎంత ప్రమాదమో ఇంతకంటే ఎలా చెప్పాలి? ఇంకొక సంగతి. టోరియల్‌ను చంపి, బాధపడి, ఆటను వెనక్కి తిప్పి ఈసారి ఆమెను కాపాడినా, ఫ్లవీకి మొదట జరిగింది గుర్తుంటుంది, ఎగతాళి చేస్తుంది. నిజ జీవితంలో వెనక్కి తిప్పే మీటే లేదు. మారుమనస్సు అంటే జరిగింది చెరిపేయడం కాదు. జరిగింది జరిగిందని ఒప్పుకుని, దాని బరువు మోస్తూనే వేరే దారి పట్టడం.

అయినా ఈ ఆటలో మాకు ఒక లోటు కనబడుతుంది. అందరినీ విడిచిపెట్టినవాడికే అన్నిటికంటే సంతోషకరమైన ముగింపు దొరుకుతుంది. ఆ సంగతి ముందే తెలిసినవాడు కనికరం మీటను కూడా లెక్క ప్రకారమే నొక్కుతాడు. అక్కడ మళ్లీ బేరం మొదలు.

2011లో వచ్చిన "స్కైరిమ్" అనే ఆటలో బేరానికి అంత చోటు లేని సందర్భం ఒకటుంది. పార్థర్నాక్స్ అనే ముసలి డ్రాగన్ ఒకప్పుడు ఆల్డుయిన్ అనే క్రూరుడికి కుడిభుజం. చేయకూడనివన్నీ చేసింది. తరువాత మనసు మార్చుకుని మనుషులకు సాయపడింది, కొండ మీద ధ్యానంలో బతుకుతోంది. మన పాత్రకు కూడా దారి చూపింది. డ్రాగన్లను వేటాడే బ్లేడ్స్ అనే దళం వచ్చి "పాత నేరాలకు దాన్ని చంపు, లేకపోతే మా సాయం ఉండదు" అంటుంది. చంపితే కొండ మీది సాధువులు మొహం తిప్పుకుంటారు. చంపకపోతే బ్లేడ్స్ తలుపు మూసేస్తారు. ఆ డ్రాగన్ తనను తాను సమర్థించుకోదు. నన్ను నమ్మకపోవడంలో తప్పులేదు అన్నట్టే మాట్లాడుతుంది. తన స్వభావంతో తాను రోజూ పోరాడుతున్నానంటుంది. పాత నేరం నిజమే, మార్పూ నిజమే. ఎవరి మాట విన్నా ఒక నష్టం తప్పదు. ఇక్కడ విడిచిపెట్టేవాడు నష్టం తెలిసే విడిచిపెడతాడు.

దావీదు సంగతి మీకు తెలిసిందే. ఏన్గెదీ గుహలో సౌలు చేతికి చిక్కాడు. దేవుడే అప్పగించాడని పక్కవాళ్లు ఎగదోశారు. దావీదు బట్ట చెంగు కోశాడు గానీ ప్రాణం తీయలేదు. సౌలు ఏడ్చాడు, ఇంటికి వెళ్లాడు. కానీ మళ్లీ మూడు వేలమందితో వెంటపడ్డాడు. జీఫు అరణ్యంలో నిద్రపోతున్న సౌలును ఒక్క పోటుతో పొడుస్తానని అబీషై అడిగితే దావీదు మళ్లీ వద్దన్నాడు. దానికి బహుమానంగా అతనికి వెంటనే సింహాసనం రాలేదు. సౌలు చేతిలో ఎప్పటికైనా చస్తానని భయపడి ఫిలిష్తీయుల దేశానికి పారిపోవలసి వచ్చింది. రెండుసార్లు కనికరించినవాడు పరదేశి అయ్యాడు. మనం ఈ చివరి భాగం చెప్పకుండా కథ ఆపేస్తాము. అందుకే మన పిల్లలు కనికరం చూపగానే ఫలితం రావాలనుకుంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. విడిచిపెట్టడమే ఎప్పుడూ మంచిదని మేము అనడం లేదు. 2023లో వచ్చిన "బాల్దూర్స్ గేట్ 3" అనే ఆటలో దిక్కులేని శరణార్థులు ఒక వనంలో తలదాచుకుంటారు. వాళ్ల మీద పడాలని గాబ్లిన్ల గుంపు చూస్తుంటుంది. ఆ గుంపు నాయకుల్ని ఆపకుండా "నేను ఎవరినీ నొప్పించను" అని పక్కకు తప్పుకుంటే, ఆ మంచితనానికి వెల శరణార్థులు కడతారు. కనికరం అంటే బలహీనుడి తరఫున నిలబడకుండా ఉండటం కాదు. తాగి వచ్చి కొట్టే భర్త విషయంలో, దెబ్బలు తిన్న చెల్లెమ్మతో "క్షమించమ్మా, సర్దుకుపో" అని చెప్పే పెద్దలు దీన్ని ఆలోచించాలి. క్షమించే హక్కు ఆమెది. ఆమెకు రక్షణ చూపించే బాధ్యత మనది. ఆమె ఒంటి మీది దెబ్బలతో మనం దయగలవాళ్లమనిపించుకోకూడదు.

కత్తి మన చేతిలో ఉన్న సమయాలు వేరు. డ్రాగన్లు మన ఊళ్లో లేవు గానీ, ఎదుటివాడు మన చేతికి చిక్కే రోజులు అందరికీ వస్తాయి. ఒక పేదవాడి ప్రోనోటు మన బీరువాలో ఉంటుంది, గడువు దాటిపోయి ఉంటుంది. గట్టు తగాదాలో మన మీద కేసు పెట్టినవాడి కొడుకు ఉద్యోగం మన ఒక్క మాట మీద ఆగి ఉంటుంది. మనల్ని పది మందిలో అవమానించిన మనిషి పరువు తీసే ఫొటో మన ఫోన్లో ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఒక్క వేలు కదిపితే చాలు. ఒకప్పుడు కోడలిని ఏడిపించిన అత్తగారు ఇప్పుడు మంచం పట్టి, మంచినీళ్ల కోసం అదే కోడలి వైపు చూస్తుంటుంది. అక్కడ పాయింట్లు రావు. మంచి ముగింపు వస్తుందని ఎవరూ మాట ఇవ్వరు. విడిచిపెట్టినవాడు మళ్లీ మన మీదికే రావచ్చు. మన కనికరం అసలైనదో కాదో తేలేది అక్కడే.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి. వేళాపాళా లేకుండా ఆడుతుంటే తప్పకుండా ఆపండి, చదువు, నిద్ర పాడుచేసుకోనివ్వకండి. కానీ ఆపే ముందు ఒక్కరోజు పక్కన కూర్చోండి. "వాణ్ణి ఎందుకు చంపావు నాన్నా? వీణ్ణి ఎందుకు వదిలేశావు?" అని అడగండి. "పాయింట్లు వస్తాయి" అంటాడేమో. "ఏమవుతుందో చూద్దామని" అంటాడేమో. "పాపం, బతిమాలాడమ్మా" అంటాడేమో. ఏ జవాబు వచ్చినా మీ బిడ్డ మనసులో ఏముందో కొంత తెలుస్తుంది. తరువాత వాడు మిమ్మల్ని తిరిగి అడగవచ్చు: "మరి నువ్వు బాబాయితో ఎందుకు మాట్లాడవు?" ఆ ప్రశ్నకు కూడా సిద్ధపడి కూర్చోండి.

యౌవనస్థులారా, మీకు ఒక్క మాట. ఈసారి ఆటలో ఎవరైనా మీ చేతికి చిక్కినప్పుడు, దేనికోసం వదులుతున్నారో, దేనికోసం చంపుతున్నారో ఒక్క క్షణం ఆగి చూసుకోండి. తెర మీద ఆ క్షణం ఆగడం అలవాటైతే, రేపు మనిషి ముందు నిలబడినప్పుడు కూడా మీ చెయ్యి ఆగవచ్చు.

మన చేతికి చిక్కినవారి విషయంలో దేవుడు మనకు జాలిగల మనసు ఇచ్చును గాక. ఆమేన్.