పాత స్కూటరును పరీక్షించు విధము



తిరుపతి, చిత్తూరు పట్టణములలో నిప్పుడు స్కూటరు లేని వీథి కానరాదు. పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునకు పోవు కన్యలకును, ఆసుపత్రులలో రేయింబవళ్లు పనిచేయు సోదరీమణులకును, పిల్లలను బడికి దింపు తల్లులకును బండి మూడవ కాలు వంటిదైనది. ఐనను మొదటి బండి కొత్తదిగా దొరకుట కొందఱికే. తక్కినవారి కది యన్నగారు వాడి విడిచినదో, ఎవరో యమ్మజూపినదో యగును. ఇందు చిన్నతన మేమియు లేదు. పాతబండిని చూచుకొని కొనువారు డబ్బు మిగుల్చుకొందురు. చూచుకొనక కొనువారు ప్రాణము మీదికి తెచ్చుకొందురు.

బేరము నాడు మనవా రడుగు ప్రశ్న లెట్టివి? లీటరు కెంత దూరము వచ్చును, ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగినది, రంగు మాసినదా – ఇవియే. ఈ బండి చక్కగా నాగునా యని యడుగువారు మాకు మిక్కిలి యరుదుగా కనబడిరి. కావున మేము చెప్పదలచిన మాట యొక్కటే: పాతబండిలో మొదట నాగుటను చూడవలయును, పిమ్మట పోవుటను చూడవలయును. ఆ చూచుటయు, దాని నెక్కబోవు నామెయే తన చేతులతో చేయవలయును.

ఆరణ్యపర్వమున నలోపాఖ్యానమును చదివిన సోదరీమణులకు బాహుకుడు గుఱ్ఱముల నెన్నుకొన్న ఘట్టము జ్ఞప్తియం దుండును. ఒక్క దినమున విదర్భకు చేరవలసి యుండగా నతడు బక్కచిక్కిన గుఱ్ఱములను తెచ్చి కట్టెను. ఋతుపర్ణుడు వానిని చూచి శంకింపగా, వాని మేని సుడులను చూపి, ఇవియే మనలను గమ్యమునకు చేర్చునని బాహుకుడు చెప్పెను. రాజు చూచినది పై మేను. సారథి చూచినది లక్షణము. స్కూటరునకును లక్షణములు గలవు. వానిలో రంగు చేరదు. పైన పటారము, లోన లొటారముగా నుండు బండ్లు సంతలో ననేకములు.

బండిని పగటివేళ, అది చల్లబడి యున్నపుడు చూడవలయును. మేము వచ్చువఱకు స్టార్టు చేయవలదని ముందుగానే చెప్పి పంపుడు. పోయిన వెంటనే ఇంజను దగ్గఱ చేయి యుంచి చూడుడు. వెచ్చగా నున్నచో అమ్మువాడు మీరు రాకముందే దానిని బ్రతిమాలి లేపినాడని తెలియును. తెల్లవాఱి కదలని బండి గుణము మధ్యాహ్నమున కనబడదు.

ఇక బ్రేకులు. తాళము తిప్పకయే బండిని నేలపై నడిపించుచు ఎడమ బ్రేకును మాత్రము పట్టుడు. తరువాత కుడిదానిని మాత్రము పట్టుడు. ఒక్కొక్కటియు విడిగా బండిని నిలుపవలయును. బ్రేకు పిడి హ్యాండిలును తాకునంత దూరము వచ్చినచో లోపలి షూలు అరిగినవో, తీగ సాగినదో యని యెఱుగుడు. పిడిని విడువగనే చక్రము స్వేచ్ఛగా తిరుగవలయును. 125 సి.సి. వఱకు గల కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ 1 నుండి, రెండు చక్రములకును కలిసి బ్రేకు పడు ఏర్పాటైనను, చక్రము బిగుసుకొనకుండ కాపాడు ఏర్పాటైనను ఉండి తీరవలెనని నియమము వచ్చినది. అంతకు ముందటి బండ్లలో ననేకముల కీ సదుపాయము లేదు. అట్టిదానికి రెండు చేతులును సమముగా వాడుట నేర్చుకొనవలసి యుండును.

బ్రేకుల తరువాత యాక్సిలరేటరు. దానిని త్రిప్పి విడిచినచో తనంతట తానే టక్కున వెనుకకు రావలయును. హ్యాండిలు నిటారుగా నున్నపుడే గాక, పూర్తిగా ఎడమకు త్రిప్పినపుడును, పూర్తిగా కుడికి త్రిప్పినపుడును ఇట్లే చేసి చూడుడు. మా వీథిలో నర్సుపని చేయు నొక యమ్మాయికై ఆమె యన్న పుత్తూరు దాపున నొక బండిని సాయంకాలము చీకటిపడువేళ చూచి కొని తెచ్చెను. మఱునాటి యుదయమున ఇంటివా రందఱు పసుపుకుంకుమ లలంకరించి, "ఎక్కమ్మా" యనిరి. ఆమె, "ఒక్క నిమిష మాగు మన్నా, చూచి యెక్కెదను" అని పెద్ద స్టాండు వేసి, ఇంజను నడుపుచు హ్యాండిలును ఎడమకు త్రిప్పెను. ఎవరును యాక్సిలరేటరును ముట్టకయే ఇంజను గర్జించి వెనుక చక్రము గిఱ్ఱున తిరిగెను. కేబులును ఎవరో లోగడ తప్పుదారిని బిగించి యుండిరి. హ్యాండిలు మలగగనే అది లాగబడుచుండెను. మెకానిక్కు దానిని అరగంటలో సరిచేసెను. ఆ వీథి మలుపునందే ప్రాథమిక పాఠశాల యున్నది. ఆమె మొగమాటమున మాటాడక యెక్కి యున్నచో నేమగునో తలచుకొన్న నిప్పటికిని మాకు గుండె ఝల్లుమనును.

పెద్ద స్టాండుపై నుంచి, వెనుక నొకరిచే నొక్కించి, ముందు చక్రమును పైకి లేపి హ్యాండిలును మెల్లగా నటు నిటు త్రిప్పుడు. నడుమ నెచ్చటనైన పట్టుకొన్నట్లు తోచినచో లోపలి బేరింగులు చెడినవి. టైర్ల ప్రక్క భాగమున నాలుగు అంకె లుండును. 3522 అని యున్నచో అది 2022వ సంవత్సరమున 35వ వారములో చేసినదని యర్థము. టైరు గాడులు లోతుగా నున్నను, ప్రక్కలు పగుళ్లు వాఱినచో దానిని నమ్మరాదు. ఎండకు నిలిచిన రబ్బరు వాడకయే చెడును.

నీటి సంగతి మన ప్రాంతమువారు ప్రత్యేకముగా విచారింపవలయును. 2021 నవంబరు వానలకు తిరుపతి వీథులు కాలువలై ప్రవహించినవి, బండ్లెన్నియో మునిగినవి. పొరుగుననున్న చెన్నపట్టణమున 2015లోను, 2023లోను వఱదలు వచ్చినవి. మునిగిన బండిని కడిగి తుడిచిన పైకి చక్కగానే యుండును. కావున సీటును తీసి క్రింది మూలలను, ముందు దీపపుటద్దము లోపలను, తీగల ముడులయొద్దను చూడుడు. ఎండిన సన్నని బురద, తుప్పు, పచ్చని కిలుము కనబడినచో సంశయింపవలయును. ఇంజను ఆయిలు మూతకుగల పుల్లను తీసి చూడుడు. ఆయిలు పాలుకలిపిన కాఫీవలె నున్నచో అందు నీరు చేరినది. అట్టి బండిని స్టార్టు చేయరాదు. మెకానిక్కు చూచిన పిమ్మటనే ముట్టవలయును.

చిరకాలము నిలిచిన బండిలోని పెట్రోలు చెడి పుల్లని కంపు కొట్టును. దానిని తీసివేయించి కొత్తది పోయింపుడు. గట్టిపడిన పెట్రోలు గొట్టమును, మురికిపట్టిన గాలివడపోతను మార్పించుడు. పెట్రోలు కాఱు బండి దగ్గఱ దీపమైన నుంచరాదు.

మొదటి సవారి ఎట్లుండవలెను? తెల్లవాఱుజామున, ఖాళీ మైదానమున, వెనుక నెవరును కూర్చుండక, పిల్లల నెక్కించుకొనక, హెల్మెటు పట్టీ బిగించుకొని. చీరకొంగును, చున్నీని చక్రమునకు తగులకుండ నడుమునకు చుట్టుకొనుడు. 20 కిలోమీటర్ల వేగమును మించక కొంతదూరము పోయి, రెండు బ్రేకులను మెల్లగా పట్టి నిలుపుడు. బండి తిన్నగా నిలిచినదా, ప్రక్కకు లాగినదా గమనింపుడు. ఇట్లు పదిసారులు నిలుపుట యలవడిన పిమ్మటనే బజారునకు పోవలెను.

ఘాటుదారుల మాట వేఱు. తిరుమల కొండ సుమారు 850 మీటర్ల యెత్తు. 1944లో తెఱచిన పాత ఘాటురోడ్డున దిగుచున్నాము. ఎక్కుటకు 1974 నాటి రెండవ దారి యున్నది. చిత్తూరునకు, పలమనేరునకు నడుమ మొగిలి ఘాటును, భాకరాపేట ఘాటును ఇట్టివే. గేరులేని స్కూటరున యాక్సిలరేటరును విడిచి వేగము తగ్గగనే, ఇంజను చక్రమును విడిచిపెట్టును. అప్పుడు భారమంతయు బ్రేకులపైనే పడును. ఎడతెగక పట్టిన బ్రేకు కాగి పట్టు తప్పును. కావున తొలినుండియు మెల్లగా దిగవలెను. రెండు బ్రేకులను పట్టుచు విడుచుచు పోవలెను. వెడల్పైన చోట నిలిచి చల్లార్పవలెను. పెట్రోలు మిగులునని ఇంజనును ఆపి దిగుట కూడదు. పాతబండితో ఒక నెల సమతలమున తిరిగినవారే ఘాటు మాట తలపెట్టుదురు గాక.

కాగితములును ఒక పరీక్షయే. ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ సంఖ్యలు బండిపై చెక్కిన వానితో నొక్కొక్క యంకెయు కలియవలెను. అప్పు తీరిన బండియైనచో 35వ ఫారమును, పేరు మార్పునకు 29, 30 ఫారములను అడుగుడు. అమ్మినవారు 14 దినములలోను, కొన్నవారు 30 దినములలోను రవాణాశాఖకు తెలుపవలెనని చట్టము. తమిళనాటి బండియైనచో అచ్చటి ఆఫీసువారి నిరభ్యంతరపత్రము లేనిదే బయానా ఇయ్యకుడు. పదునైదేండ్లు నిండిన బండి రిజిస్ట్రేషనును మరల చేయించవలయును. బండి నడుపువారు మీరైనచో, ఆర్.సి. మీ పేరిటనే వ్రాయించుకొనుడు. ఇది అన్నదమ్ములపై నపనమ్మకము కాదు, వ్యవహారము.

బండిలో దోషము కనబడినపుడు, "వా రింతదూరము తెచ్చి చూపిరే, ఎట్లు కాదందుము?" అను మొగమాటము మన స్త్రీలకు సహజము. బయానా క్రింద నిచ్చిన కొలది రూప్యములు పోయినను పోనిండు. తెచ్చినవారికి మజ్జిగ యిచ్చి, బ్రేకు సరిచేయించి తెండు, అప్పుడు చూతమని నెమ్మదిగా చెప్పి పంపుడు. దాని నెక్కి పోవలసినవారు మీరు. సాయంకాలము క్షేమముగా నింటికి రావలసినవారును మీరే.