సంతకానికి ఉన్న స్త్రీ, ఇంటికి లేదా?

అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకుకి భార్య సంతకం కావాలి. ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడు ఆమె మాట అక్కర్లేదు. సర్ఫేసీ చట్టం గురించి స్త్రీలుగా మనం మాట్లాడవలసింది ఇక్కడి నుంచే.

2002లో వచ్చిన ఈ చట్టం, కోర్టు గడప తొక్కకుండానే తాకట్టు ఆస్తిని తీసుకునే అధికారం బ్యాంకులకిచ్చింది. వాయిదాలు 90 రోజులు దాటి ఆగితే అది మొండి బాకీ. బాకీ మొత్తం 60 రోజుల్లో కట్టమని నోటీసు వస్తుంది. అభ్యంతరం రాసుకోవచ్చు. దాన్ని విని తోసిపుచ్చేదీ అప్పిచ్చిన బ్యాంకే. ఆ తర్వాత తలుపుకి స్వాధీన నోటీసు అంటించి, రెండు పత్రికల్లో ప్రకటిస్తారు. వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. సంతకం పెట్టించుకున్న కాగితాలు చాలావరకు ఇంగ్లీషులో, పరువు తీసే ప్రకటన మాత్రం తెలుగులో!

ఖాళీ చెయ్యకపోతే బ్యాంకు జిల్లా మేజిస్ట్రేట్ సాయం అడుగుతుంది. అక్కడ చూసేది కాగితాలు సరిగా ఉన్నాయా లేదా అనే. వివాదాలు తేల్చే అధికారం మేజిస్ట్రేట్‌కి లేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. సివిల్ కోర్టు తలుపులు ఈ చట్టమే మూసేసింది. ఇక మిగిలింది రుణ వసూలు ట్రిబ్యునల్. 45 రోజుల్లో వెళ్లాలి. అది జిల్లాకొకటి లేదు, హైదరాబాదు, విశాఖ లాంటి నగరాల్లో ఉంటుంది. చిన్న ఊళ్లో పిల్లలతో ఉన్న మనిషి అంత దూరం, వకీలు ఫీజుతో సహా, ఎలా వెళ్తుంది?

ఈ చట్టం ముందు స్త్రీలు రెండు రకాలు. సంతకం పెట్టినవాళ్లు, పెట్టనివాళ్లు. భర్త చూపించిన చోట సంతకం పెట్టినామె హామీదారైనా సరే, చట్టం దృష్టిలో రుణగ్రహీతే. ఆ డబ్బు ఎటు పోయిందో ఆమెకి తెలియకపోవచ్చు. వేలంలో బాకీ తీరకపోతే మిగతాది మాత్రం ఆమెనీ వెంటాడుతుంది. సంతకం పెట్టనామె చట్టానికి అసలు కనబడదు. ఆ ఇంట్లో ఇరవయ్యేళ్లు బతికినా ఆమెకంటూ ఒక నోటీసు రాదు. నష్టపోయిన ఎవరైనా ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చని చట్టంలో ఉంది, నిజమే. కానీ విషయం ఆమెకి తెలిసేది తలుపు మీద కాగితం పడ్డాకనే.

2005 గృహహింస చట్టం మనకి ఉమ్మడి ఇంట్లో నివసించే హక్కునిచ్చిందని సంబరపడ్డాం. చట్టప్రకారం తప్ప ఆమెను వెళ్లగొట్టకూడదని అందులో ఉంది. ఆ 'చట్టప్రకారం' అన్న సందులోంచే సర్ఫేసీ వస్తుంది. భర్త తన చేత్తో గెంటలేని స్త్రీని, వాయిదాలు కట్టడం మానేసి బ్యాంకు చేత గెంటించవచ్చు. ఇంటి అద్దె కట్టకపోవడాన్ని ఆర్థిక హింసల్లో ఒకటిగా గుర్తించిన దేశంలో, కావాలని వాయిదా ఎగ్గొట్టడాన్ని బ్యాంకు లెక్కగా మాత్రమే చూడమంటే ఎలా?

బ్యాంకుల్లో ఉన్నది ప్రజల డబ్బు, వసూలు చెయ్యొద్దా అంటారు. చెయ్యాలి. అయితే ఆ ప్రజల్లో ఈమె లేదా? మనం అడుగుతున్నది అప్పు మాఫీ కాదు. సంతకానికి ముందు ఆమె భాషలో, భర్త పక్కన లేకుండా, విడిగా వివరించండి. మొదటి నోటీసు ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరికీ ఇవ్వండి. 2016 సవరణ ప్రకారం వేలం ప్రకటన వెలువడేలోపే బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవాలి. ఆ గడువు ఆమెకి ముందే తెలియాలి. మేజిస్ట్రేట్ ఉత్తర్వుకి ముందు ఒక్కసారైనా ఆమెని పిలిచి వినాలి.

2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇల్లు స్త్రీ పేరున, లేదా ఆమె పేరు కూడా కలిపి ఉండాలన్నారు. కాగితం మీద ఆమె పేరు ఎక్కించడం రాజ్యానికి బాగానే తెలుసు. ఆ పేరున్న మనిషిని రోడ్డు మీదకి పంపేముందు ఒక మాట అడగడం కూడా నేర్చుకోవాలి.