మీ షాపులో ఒక ఉద్యోగం



తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో షాపులు, హోటళ్లు, స్వీట్ స్టాళ్లు నడిపే తల్లిదండ్రులు మీలో చాలామంది ఉన్నారు. ఈ నెల నా మాట ముఖ్యంగా మీతోనే.

దివ్యాంగులను పనిలోకి తీసుకోవచ్చు కదా అంటే యజమానుల నుంచి సాధారణంగా మూడు ప్రశ్నలు వస్తాయి. కస్టమర్లతో ఎలా మాట్లాడతారు? పొయ్యి దగ్గర ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? రద్దీలో స్పీడు అందుకోగలరా? ఇవి రాతిగుండె మాటలేమీ కావు. ఏ రోజు బేరం ఆ రోజు చూసుకునే వ్యాపారికి వచ్చే సందేహాలే.

కానీ చేసి చూపించినవారు ఉన్నారు. మన దేశంలో కొన్ని కేఎఫ్‌సీ ఔట్‌లెట్లలో ఆర్డరు తీసుకునేది వినికిడి లేనివారే. మెనూ మీద వేలు పెట్టి చూపిస్తే చాలు. 2017లో హుబ్బళ్లిలో మొదలైన మిట్టీ కేఫ్‌లలో వండేది, వడ్డించేది దివ్యాంగులు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆవరణలోనూ ఒకటి తెరిచారు. హైదరాబాదులోని యూత్‌ఫర్‌జాబ్స్ సంస్థ దివ్యాంగ యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాలు చూపిస్తోంది.

మన షాపుల్లో కావలసినవి ఇంకా చిన్నవి. ఎక్కువసేపు నిలబడలేని మనిషికి బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఎత్తు స్టూలు. వినపడనివారికి గంట బదులు లైటు, పక్కన ఒక నోటుబుక్కు. నిదానంగా నేర్చుకునేవారికి పప్పులు తూచి ప్యాక్ చేసే పని, చేసే వరస గోడ మీద బొమ్మల్లో. ఇంకేం కావాలో ఆ మనిషినే అడగండి. అందరికన్నా బాగా తెలిసేది వారికే. జీతం మాత్రం అదే పనికి మిగతావారికి ఇచ్చినంతే ఇవ్వాలి. జాలిపడి ఉద్యోగమిచ్చి సగం జీతం చేతిలో పెడితే ఆ జాలికి అర్థం లేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం వారికి కేటాయించింది. ప్రైవేటు యజమానులకు అలాంటి కోటా లేదు. సిబ్బందిలో 5 శాతం దివ్యాంగులు ఉండేలా ప్రోత్సాహకాలు ఇవ్వమని మాత్రం ప్రభుత్వానికి చెప్పింది. అంటే మీ షాపు తలుపు మీరే తీయాలి.

ఈసారి దసరా, సంక్రాంతి సీజనుకు అదనపు మనుషులను పెట్టుకునేటప్పుడు ఒక్క చోటు ఇచ్చి చూడండి. క్లాసులో మీ అబ్బాయి పక్కన కూర్చునే స్నేహితుడే పదేళ్ల తర్వాత ఉద్యోగం అడగడానికి మీ షాపు మెట్ల దగ్గరికి రావచ్చు. అప్పటికి కౌంటర్లో మీ అబ్బాయే ఉండొచ్చు. ఆ రోజు అతను ఏం జవాబిస్తాడన్నది ఇప్పుడు మిమ్మల్ని చూసి నేర్చుకునేదే.