ఆసనాలు వేస్తే బి.పి. మాత్రలు మానేయవచ్చునా?

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు నుంచి ఆసుపత్రికి వచ్చే బి.పి. రోగుల్లో ఈ ప్రశ్న అడగనివారు తక్కువ. 2025 జూన్ 21న విశాఖ సముద్రతీరంలో లక్షలాది మంది కలిసి యోగాసనాలు వేశాక ఈ ఉత్సాహం మరింత పెరిగింది. ఉత్సాహం మంచిదే. కాని కొందరు నెల రోజులు ఆసనాలు వేసి, డాక్టరుకు ఒక్క మాటైనా చెప్పకుండా మాత్రలు మానేస్తున్నారు. ఇది ప్రమాదం.

అసలు యోగాభ్యాసం వల్ల శరీరంలో ఏం జరుగుతుందో ముందు చూద్దాం.

కువైట్‌లో ఉన్న కొడుకు దగ్గర నుంచి వారం రోజులుగా ఫోను రాలేదనుకోండి. తల్లికి నిద్ర పట్టదు, అన్నం సహించదు, గుండె దడదడలాడుతుంది. అప్పుడు బి.పి. చూస్తే మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది. బెంగ పుట్టింది మెదడులో. అది సింపథెటిక్ నాడుల ద్వారా గుండెకూ, రక్తనాళాలకూ చేరింది. అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదిలాయి. అంచేత గుండె వేగం పెరిగింది, రక్తనాళాలు బిగుసుకున్నాయి.

నెమ్మదిగా కొట్టుకోమంటే గుండె మన మాట వినదు. ఊపిరి సంగతి వేరు. నిద్రలో అది తనంతట తానే సాగుతుంది. మెలకువలో మనం తలచుకుంటే నెమ్మదిగా నడుస్తుంది. గోదావరి వరద మన చేతిలో లేదు, కాలువ లాకు తలుపు మన చేతిలో ఉంది కదా! ఊపిరి అలాంటి తలుపు.

గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఈ నెమ్మదింపు వేగస్ నాడి పని. మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని 6 సార్లకు తగ్గించి, గాలి వదలడానికి ఎక్కువసేపు తీసుకుంటే వేగస్ నాడిది పైచేయి అవుతుంది. దేహం కుదుటపడితే మనసూ కుదుటపడుతుంది.

మరి మాత్రల మాటేమిటి? ఇంగ్లండులో డాక్టర్ చంద్ర పటేల్ 20 మంది బి.పి. రోగులకు యోగ పద్ధతిలో విశ్రాంతినీ, ఒక పరికరం సాయంతో ఒళ్ళు సడలించుకోవడాన్నీ నేర్పి, ఫలితాలను 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 5 గురికి మాత్రలు పూర్తిగా ఆపగలిగారు. 7 గురికి మోతాదు తగ్గింది. 4 గురికి మాత్రలు తగ్గకపోయినా బి.పి. మెరుగుపడింది, మిగిలిన 4 గురికి ఏ ఫలితమూ లేదు. ఇది చిన్న పరిశీలనే. అయినా రెండు సంగతులు చెబుతుంది. యోగ పనిచేస్తుంది, కాని అందరికీ ఒకేలా కాదు. మాత్రలు తగ్గించినది బి.పి. చూస్తూ వచ్చిన వైద్యురాలే గాని రోగి కాదు.

కొన్ని రకాల మాత్రలు హఠాత్తుగా ఆపితే బి.పి. ఒక్కసారిగా పైకి పోతుంది. తలనొప్పి లేదు కదా అని ధీమా వద్దు. ఏ బాధా తెలియకుండానే బి.పి. పక్షవాతానికీ, మూత్రపిండాల చెరుపుకీ దారి తీయవచ్చు.

ఇంట్లో ఇలా చేయండి. ఉదయం, సాయంత్రం, భోజనానికి ముందు చాప మీద వెల్లకిలా పడుకోండి. 4 అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. పది నిమిషాలు చాలు. ఊపిరి బిగబట్టవద్దు. కళ్ళు తిరిగితే ఆపి మామూలుగా ఊపిరి తీయండి.

బి.పి., గుండెజబ్బు, గ్లకోమా ఉన్నవారూ, గర్భిణులూ శీర్షాసనం, కపాలభాతి జోలికి పోరాదు.

నెల తరువాత మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి. చూపించుకోండి. తగ్గితే సంతోషం. మాత్ర తగ్గించవచ్చునో లేదో డాక్టరునే చెప్పనివ్వండి. అంతవరకూ ఊపిరీ సాగాలి, మాత్రా సాగాలి.