పరిశోధన విడవని పరిపాలన

శాస్త్రవేత్త ఉపకులపతి పదవి చేపడితే అతని పరిశోధన అక్కడితో ముగిసినట్టేనన్న అభిప్రాయం మన విద్యారంగంలో బలంగా నాటుకుపోయింది. అది సరికాదనడానికి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంతో దీర్ఘకాలం ముడిపడిన ఆచార్య గోవర్ధన్ మెహతా వృత్తి జీవితమే నిదర్శనం.

1943లో జోధ్‌పూర్‌లో జన్మించిన మెహతా, పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో సుఖ్‌దేవ్ పర్యవేక్షణలో డాక్టరేట్ పూర్తిచేసి, కాన్పూర్ ఐఐటీలో బోధించి, 1977లో హైదరాబాద్ చేరారు. రాష్ట్రంలోని ప్రాంతీయ వివాదాల పరిష్కారానికి రూపొందిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం అప్పటికి పసి సంస్థ. దాని తొలి ఉపకులపతి గుర్‌బక్ష్ సింగ్ కూడా రసాయన శాస్త్రవేత్తే. అక్కడి రసాయన శాస్త్ర విభాగాన్ని తొలినాళ్ల నుంచీ తీర్చిదిద్దిన మెహతా, 1994 నుంచి 1998 వరకు ఉపకులపతిగా, ఆపై 2005 వరకు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా బాధ్యతలు నిర్వహించారు.

ఆయన రంగం సంపూర్ణ సంశ్లేషణ. మొక్కలు, సముద్రజీవులు తమలో తయారుచేసుకొనే సంక్లిష్ట అణువును, తేలిగ్గా దొరికే చిన్న అణువులతో మొదలుపెట్టి, ఒక్కో బంధాన్నీ కూరుస్తూ ప్రయోగశాలలో నిర్మించడమే ఈ విద్య. బిర్యానీలో వేసే అనాసపువ్వు ప్రజాతికే చెందిన ఒక మొక్క కాయల్లో లభించే మెరిలాక్టోన్-ఎ అనే పదార్థం, నాడీకణాల నుంచి పోగులు సాగడానికి తోడ్పడుతుందని ప్రయోగాల్లో తేలింది. ఐదు వలయాలు పెనవేసుకున్న ఆ అణువులో ఒకటి మూడు కర్బన పరమాణువులూ ఒక ఆక్సిజన్ పరమాణువూ కలిసిన బిగువైన వలయం కావడంతో దాని నిర్మాణం మరింత కష్టం. మెహతా బృందం సాధించిన దాని సంశ్లేషణ 2006లో ప్రచురితమైంది. అంతటి పని నెలల్లో తెమిలేది కాదు గనుక, సంచాలకుడిగా ఉన్న కాలంలోనూ ఆయన ప్రయోగశాల చురుగ్గా సాగిందన్నది స్పష్టం.

ఈ విద్య నేర్పే వివేకం పరిపాలనకూ అక్కరకొస్తుంది. ఒక్కో దశలో పదార్థం నూటికి 80 పాళ్లు దక్కినా, 20 దశలు దాటేసరికి మిగిలేది సుమారు ఒక్క పాలే. కాబట్టి తొలి దశలో జరిగిన పొరపాటు చివర్లో ఎంత ఖరీదవుతుందో, విఫలమైన మార్గాన్ని ఎప్పుడు వదులుకోవాలో సంశ్లేషకుడికి అనుభవపూర్వకంగా తెలుస్తుంది. అధ్యాపక నియామకాల్లో ఎవరి పని నిజంగా లోతైనదో గుర్తించే చూపు కూడా సొంత పరిశోధన సాగుతున్నంత కాలమే పదునుగా ఉంటుంది.

ఇలాంటి వారిని ఎంచుకోవాల్సిన ఉపకులపతి పదవులు నెలల తరబడి ఇన్‌చార్జి అధికారుల చేతుల్లో నడవడం, అధ్యాపక ఖాళీలు ఏళ్లకేళ్లు భర్తీకాకపోవడం తెలుగు రాష్ట్రాలకు కొత్త కాదు. ఆ పదవిని సేవలకు ప్రతిఫలంగానో, రాజకీయ సర్దుబాటుగానో చూసే ధోరణి మారనిదే ఈ దుస్థితి తొలగదు. అభ్యర్థి ఇప్పుడు ఏ ప్రశ్నపై పనిచేస్తున్నారో ఎంపిక సంఘాలు తప్పక అడగాలి. నియమితులైన వారికి దైనందిన దస్త్రాల భారం తగ్గించి, తమ పరిశోధక బృందాన్ని కొనసాగించే వెసులుబాటు ప్రభుత్వాలు కల్పించాలి.