ప్రవేశ వ్యాసం – రూపం, సారం

ముఖపరిచయం లేని వారికి తనను తాను పరిచయం చేసుకోవడం కష్టసాధ్యమైన విద్య. ఎదుట నిలిచి మాట్లాడేవారికి కంఠస్వరం, ముఖకవళికలు తోడ్పడతాయి. కాగితం మీద మాట్లాడవలసిన వారికి ఆ ఆసరా లేదు. విదేశాలలోని అనేక విశ్వవిద్యాలయాలు ప్రవేశం కోరే విద్యార్థిని అడిగే వ్యాసం ఇటువంటి ఆత్మపరిచయమే. మార్కుల పట్టిక విద్యార్థి ఎంత నేర్చాడో చెబుతుంది. అతడు ఎలా ఆలోచిస్తాడో వ్యాసమే చెప్పాలి.

గోదావరి డెల్టాలోని జూనియర్ కళాశాలల విద్యార్థులకు ఈ వ్యాసం కొత్త. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగు ప్రవేశానికి ప్రధాన మార్గం ఎంసెట్. 2021 నుండి దాని పేరు ఈఏపీసెట్. ఆ పరీక్షలో విద్యార్థి ఇచ్చిన సమాధానాలలో ఒకదానిని ఎంచుకుంటాడే గాని తనను గురించి ఒక్క వాక్యమైనా వ్రాయడు. రెండేళ్లు అలా సాధన చేసిన వానిని హఠాత్తుగా “నీవెవరు? ఈ చదువు నీకెందుకు?” అని అడిగితే కలవరపడడం సహజం. ఆ కలవరంలో అతడు మొదట వెదికేది విషయం కాదు, నమూనా. “ఎన్ని పుటలుండాలి? అక్షరాల పరిమాణమెంత? ఎలా మొదలుపెట్టాలి?” అన్నవే అతని ప్రశ్నలు.

ఆ ప్రశ్నలు అల్పమైనవి కావు. అమెరికాలో అనేక కళాశాలలు ఉమ్మడిగా స్వీకరించే ‘కామన్ యాప్’ దరఖాస్తులో ప్రధాన వ్యాసానికి కనిష్ఠం 250 పదాలు, గరిష్ఠం 650 పదాలు. బ్రిటన్‌లో డిగ్రీ దరఖాస్తులను స్వీకరించే ‘యూకాస్’ సంస్థ ఖాళీలతో కలిపి 4,000 అక్షరాలకు పరిమితి విధించింది. 2026 ప్రవేశాల నుండి ఆ వ్యాసాన్ని మూడు ప్రశ్నలకు సమాధానాలుగా విభజించి, ఒక్కొక్కదానికి కనీసం 350 అక్షరాలుండాలని నిర్దేశించింది. విడిగా పత్రం పంపమన్నచోట చదవడానికి అనువైన అక్షరం, నాలుగు వైపులా తగినంత అంచు, పేరాకూ పేరాకూ స్పష్టమైన ఎడం ఉండాలి. కంప్యూటరు తెరమీది పెట్టెలో వ్యాసాన్ని నింపవలసినచోట ముద్దక్షరాలు, వాలుటక్షరాలు చాలావరకు చెరిగిపోతాయి. అప్పుడు మిగిలే అలంకారాలు రెండే: కుదురైన వాక్యం, క్రమమైన పేరా.

ఈ నియమాలను బంధనాలుగా భావించేవారున్నారు. నిజానికి అవి మర్యాదలు. ఒకే బల్ల ముందు కూర్చుని వందలాది వ్యాసాలు చదివే వ్యక్తి కంటికి, కాలానికి ఇచ్చే గౌరవమే ఆకృతి. ఈ సంగతి తెలుగు కవులకు ఏనాడో తెలుసు. ప్రబంధ కవులు కావ్యారంభంలో ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కృతిపతి వర్ణన, షష్ఠ్యంతాలు అనే క్రమాన్ని పాటించారు. ఆ చట్రం అందరిదీ. కాని దానిలో నిలిచిన మూర్తి ఎవరికి వారిదే. రాజమహేంద్రవరంలో 11వ శతాబ్దిలో భారతాంధ్రీకరణకు పూనుకొన్న నన్నయ, రాజరాజనరేంద్రుని కోరికను, తన అర్హతలను అవతారికలో గంభీరంగా, మితంగా చెప్పాడు. 15వ శతాబ్దిలో అదే నగరాన్నేలిన వీరభద్రారెడ్డికి ‘కాశీఖండం’ అంకితమిచ్చిన శ్రీనాథుడు, బాల్యం మొదలు ఏ వయసులో ఏ కావ్యం వ్రాశాడో వరుసగా చెప్పుకొన్నాడు. నేటి దరఖాస్తులో అడిగే ‘చేసిన పనుల పట్టిక’కు అంతకంటె చక్కని ఉదాహరణ ఉండదు. అవతారిక ఉన్నందున ఆ ఇద్దరూ ఒకే రీతిగా వినిపించలేదు.

అయితే రూపం మీది శ్రద్ధ హద్దు మీరితే సారాన్ని మరుగుపరుస్తుంది. 1910ల ఆరంభంలో మద్రాసు విశ్వవిద్యాలయ ఇంటర్మీడియెట్ విద్యార్థి తెలుగు వ్యాసాన్ని గ్రాంథికంలో వ్రాయాలా, వాడుకభాషలో వ్రాయాలా అన్నదానిపై పెద్ద వివాదం చెలరేగింది. కోనసీమకు చెందిన జయంతి రామయ్య పంతులు గ్రాంథికం పక్షాన నిలిచారు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు వాడుకభాష పక్షాన నిలిచారు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. నాడు గ్రాంథికవాదమే గెలిచింది. గ్రాంథికంలో ఎన్నో గ్రంథాలు రచించిన కందుకూరి వీరేశలింగం సైతం 1919లో, తన జీవితపు చివరి సంవత్సరంలో, రాజమహేంద్రవరంలో వెలసిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షత వహించారు. రూపం భావాన్ని చేరవేయాలే గాని అడ్డగించరాదన్నదే ఆ మార్పులోని అర్థం.

నేటి ప్రమాదం మరొకటి. రూపాన్ని వెదుకుతూ బయలుదేరిన విద్యార్థి, దొరికిన నమూనాలోని బ్రతుకును కూడా తన బ్రతుకుగా వ్రాసుకొంటున్నాడు. 2007లో యూకాస్ సంస్థ దరఖాస్తులను సరిపోల్చి చూడగా, ఎనిమిదవ పుట్టినరోజున కానుకగా వచ్చిన రసాయన పరికరాలతో ప్రయోగం చేస్తూ పైజామా కాల్చుకొన్నామని 234 మంది వ్రాసినట్లు తేలింది. ఒకరి బాల్యం 234 మందికి బాల్యమైంది! కృత్రిమ మేధ క్షణంలో వ్యాసం అల్లి ఇచ్చే ఈ రోజులలో అటువంటి అరువు మరింత సులభం. అంచుల కొలతను, పేరాల క్రమాన్ని అరువు తెచ్చుకోవచ్చు. అనుభవాన్ని మాత్రం అరువు తెచ్చుకోరాదు. అలా తెచ్చుకొన్నవాడు ఇతరులను మోసగించడానికి ముందే తనను తాను చెరిపివేసుకొంటున్నాడు.

తమ జీవితంలో వ్రాయదగినదేమీ లేదని పల్లెటూరి విద్యార్థులు చిన్నబుచ్చుకోవడం ఇందుకు మరొక కారణం. భీమవరం ప్రాంతంలో రొయ్యల చెరువు గట్టున పెరిగిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. “చిన్ననాటి నుండి నాకు విజ్ఞానశాస్త్రమంటే ఎనలేని మక్కువ” అని ఆమె మొదలుపెడితే, ఆ వాక్యం ఎవరిదైనా కావచ్చు. చెరువులో ఏరియేటర్లను రాత్రివేళ ఎందుకు తిప్పుతారో, నీటిలోని ప్రాణవాయువు తెల్లవారుజామున ఎందుకు బాగా తగ్గుతుందో తాను తెలుసుకొన్న తీరును వ్రాస్తే, ఆ వాక్యం ఆమెదే అవుతుంది. వెలుతురు లేనప్పుడు నీటి మొక్కలు ప్రాణవాయువును ఇవ్వడం మాని, తక్కిన జీవుల వలె దానిని వాడుకొంటాయి. ఈ సత్యం పాఠ్యపుస్తకంలోనూ ఉంది. కాని కరెంటు పోయిన రాత్రి తండ్రి ఆదుర్దాను చూసి ఆ సత్యాన్ని గ్రహించిన విద్యార్థిని విశ్వవిద్యాలయానికి అపురూపమైనది.

కనుక విద్యార్థి పాటించవలసిన క్రమం ఇది. మొదట పరిమితిని మరచి, చెప్పదలచినదంతా వ్రాయాలి. తరువాత ఒక్కొక్క పేరాలో ఒక్కొక్క భావమే నిలిచేటట్లు సరిదిద్దాలి. ఇతరులు కూడా వ్రాయగల వాక్యాలను కొట్టివేయాలి. పైకి చదివి, నాలుకకు తట్టుపడిన చోట మార్చుకోవాలి. అక్షరాల లెక్క, అంచుల కొలత చివరి పని. చివరిదే అయినా మానరాని పని.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పుడు గోదావరిలోకి కొత్తగా ఒక్క నీటిబొట్టూ చేరలేదు. వృథాగా సముద్రంలో కలిసే నీటిమట్టాన్ని ఆనకట్ట పైకెత్తింది. కాలువలు ఆ నీటిని పొలాలకు చేర్చాయి. వ్యాసానికి ఆకృతి అటువంటి ఆనకట్ట. ఏరు ఎండిపోతే ఆనకట్ట ఏమీ చేయలేదు. ఆనకట్ట లేకపోతే నిండు ప్రవాహమూ చేను చేరదు. తన ఏరును తానే వెదకి తెచ్చుకొన్న విద్యార్థికి కట్టుబాటు భారం కాదు, బలం.